గ్వాడలూప్ శిఖరానికి నాన్నగారిని తీసుకువెళ్ళవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మా కుటుంబం, మావారి స్నేహితుడి కుటుంబం కలిసి గ్వాడలూప్ పర్వతాల జాతీయ ఉద్యానవనానికి వెళ్ళి, అక్కడి గ్వాడలూప్ శిఖరం ఎక్కాలని అనుకుంటున్నాము. ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. నాన్నగారికి 64 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటారు. రోజూ ఉదయం గంటసేపు నడుస్తారు, ఎక్కడం అంటే ఆయనకు ఉత్సాహం. మెట్లు దిగేటప్పుడు మాత్రం రెయిలింగు పట్టుకుని కొంచెం పక్కకు తిరిగి దిగుతారు. "తిరుమల కొండ ఎన్నిసార్లు నడిచి ఎక్కలేదు, ఇదెంత?" అంటున్నారు. మావారు కూడా అందరం కలిసే వెళదాం అంటున్నారు. నాకు భయంగా ఉంది. వద్దంటే నాన్నగారు చిన్నబుచ్చుకుంటారు. మాతో పదేళ్ళ బాబు కూడా వస్తాడు. నాకూ శిఖరం దాకా వెళ్ళాలని చాలా కోరికగా ఉంది, కానీ ఎవరో ఒకరు పెద్దవాళ్ళతో ఆగాలి కదా. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం: అమ్మా, మీ నాన్నగారిని ఆ శిఖరానికి తీసుకువెళ్ళవద్దు. ఈ మాట ఆయన వయసు చూసి చెప్పడం లేదు. అరవై దాటినవారు, డెబ్బై దాటినవారు కూడా ఆ కొండ ఎక్కి క్షేమంగా దిగుతున్నారు. షుగరు ఉన్నంత మాత్రాన కొండ ఎక్కకూడదని కూడా లేదు. మీరు ఉత్తరం మధ్యలో మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యమే నాచేత ఈ మాట చెప్పిస్తోంది. ఆయన మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి దిగుతారన్నారు. మోకాలు నేరుగా వంగి ఒంటి బరువును ఆపలేకపోతున్నప్పుడే మనిషి తెలియకుండా అలా పక్కకు తిరుగుతాడు. గ్వాడలూప్ కొండబాట మీద పట్టుకోవడానికి రెయిలింగు ఉండదు, ఎక్కిన ప్రతి అడుగూ మళ్ళీ దిగవలసిందే.

తిరుమలతో పోలిక మీ నాన్నగారు తెచ్చారు కాబట్టి అక్కడినుంచే చెబుతాను. ఆ పోలిక కొట్టిపారేయదగినది కాదు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కడం, గాలిగోపురం దాటి, మోకాలిమెట్టు దగ్గర నిలువు మెట్లను ఓర్చుకుని పైకి చేరడం తక్కువ శ్రమేమీ కాదు. ఎక్కే ఎత్తు లెక్కలోనూ ఈ రెండు దారులకు మరీ దూరం లేదు. గ్వాడలూప్ శిఖరం ఎత్తు సముద్రమట్టానికి 8,751 అడుగులు, అంటే 2,667 మీటర్లు. టెక్సస్ రాష్ట్రంలో అంతకంటే ఎత్తైన చోటు లేదు. పైన్ స్ప్రింగ్స్ దగ్గర నడక మొదలయ్యే చోటినుంచి పైకి సుమారు 3,000 అడుగులు ఎక్కాలి. రానుపోను కలిపి 8.4 మైళ్ళు. మామూలు ఆరోగ్యం ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

అయితే అలిపిరి దారిలో చాలా మేరకు తలమీద కప్పు ఉంటుంది, అడుగడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, సోడాలు అమ్మేవారు ఉంటారు, కూర్చోవడానికి అరుగులు ఉంటాయి, కాలు నొప్పి పుడితే ఆదుకోవడానికి ముందూ వెనకా గోవింద నామం చెప్పుకుంటూ వచ్చే జనం ఉంటారు. అన్నిటికీ మించి, దర్శనం అయ్యాక మనలో ఎక్కువమంది బస్సెక్కి కిందికి వస్తారు. మీ నాన్నగారిని ఒక్క సంగతి అడిగి చూడండి: అన్నిసార్లు నడిచి ఎక్కిన ఆయన నడిచి ఎన్నిసార్లు దిగారు? ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబే మీ సందేహాన్ని మీకంటే ముందు ఆయనకే తీరుస్తుందని నా నమ్మకం.

దిగడం ఎందుకంత కష్టమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు, మీవారు, మీ బాబు అందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. ఎక్కేటప్పుడు ముందుగా అలసిపోయేది గుండె, ఊపిరి. ఆయాసం వచ్చిందంటే మనిషి తనంతట తానే ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి ఆగాలని తోచదు. కానీ తొడల ముందువైపు కండరాలు ప్రతి అడుగుకూ సాగుతూనే ఒంటి బరువంతా పట్టి ఆపవలసి వస్తుంది, మోకాలిచిప్ప మీద ఒత్తిడి ఎక్కేటప్పటికంటే ఎక్కువవుతుంది. రెండు మూడు గంటలు అలా సాగాక తొడలు సన్నగా వణకడం మొదలవుతుంది. ఆ వణుకు మొదలైన తరువాత పాదం మనం అనుకున్న చోట పడదు. గ్వాడలూప్ బాటలో అన్నిటికంటే నిటారుగా ఉండేది మొదటి మైలున్నర. అక్కడ సున్నపురాతి గుండ్లు మెట్లలా పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య వదులుగా ఉన్న రాతిముక్కలు అడుగు పడగానే జారుతాయి. ఉదయం తాజాగా ఉన్న కాళ్ళతో ఆ భాగాన్ని దాటినవారు, సాయంత్రం అలసిన కాళ్ళతో దాన్నే చివరగా దిగాలి. ఆ భాగం దాటబోయే చోట బాట కొంతదూరం కొండచరియ అంచునే సాగుతుంది. అక్కడ పదేళ్ళ బాబును లోపలివైపు, పెద్దవారిలో ఒకరి వెనకే నడిపించాలి, పరుగెత్తనివ్వకూడదు.

ఇక నాన్నగారికి ఎలా చెప్పాలన్నది మీ అసలు బాధ అని నాకు అర్థమైంది. "మీ వల్ల కాదు" అని మీరు చెప్పవద్దు. ఆ నిర్ణయం ఆయన మోకాళ్ళనే చెప్పనివ్వండి. సెలవులకు ఇంకా వారాలు ఉంటే, ఆయనతో కలిసి మీరూ నాలుగైదు అంతస్తుల పార్కింగు భవనం ఒకటి చూసుకుని, మెట్లమీదుగా ఎక్కి దిగండి. అలా ఆగకుండా పదిసార్లు చేయండి. 3,000 అడుగులంటే దాదాపు 300 అంతస్తుల ఎత్తు, కాబట్టి మీరు చేసింది అందులో చిన్న భాగమేనని ఆయనకు లెక్క తెలుస్తుంది. మరునాడు ఉదయం మంచం దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఆయననే చెప్పమనండి. డాలస్ చుట్టుపక్కల నేల చదునుగా ఉండడం వల్ల మీరందరూ కూడా కొండ నడకకు అలవాటుపడి ఉండరు. నగరానికి నైరుతిగా ఉన్న సీడర్ రిడ్జ్ ప్రిజర్వ్‌లో కాస్త ఎత్తుపల్లాల దారులు ఉన్నాయి, శని, ఆదివారాల్లో అక్కడ బరువైన సంచులు తగిలించుకుని నడవండి. సాధన లేకుండా నేరుగా శిఖరానికి బయలుదేరడం మీవారి వయసువారికైనా మంచిది కాదు.

షుగరు గురించి ఒక మాట. ఆయన వేసుకునే మాత్రల పేర్లు మీరు రాయలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోయే ప్రమాదం తక్కువ. మన దేశంలో ఎక్కువగా ఇచ్చే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతుంటే గంటల తరబడి నడిచినప్పుడు షుగరు బాగా పడిపోవచ్చు, ఆ ప్రభావం ఆ రాత్రి నిద్రలో కూడా ఉండవచ్చు. చిన్న నడకలకు వెళ్ళినా సరే, మోతాదు ఏమైనా మార్చాలా అని ఆయన డాక్టరును ముందుగా ఫోనులో అడగండి, మీ అంతట మీరు మాత్ర మానిపించవద్దు. గ్లూకోజు బిళ్ళలు ఆయన చొక్కా జేబులోనే ఉండాలి, వెనక సంచిలో అడుగున కాదు. చేతులు వణకడం, చల్లని చెమట, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు బిళ్ళలు నమిలించి, పదిహేను నిమిషాల తరువాత మీటరుతో చూడండి. షుగరు చాలాకాలంగా ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి, బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు దీపం దగ్గరగా పెట్టి పాదాలు, వేళ్ళ సందులు మీరే చూడండి. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకుని ఉంటే, ముందునుంచి ఉన్న జబ్బుల విషయంలో అది ఎంతవరకు వర్తిస్తుందో కూడా ఇప్పుడే చదివి పెట్టుకోండి.

శిఖరం ఎక్కనంత మాత్రాన మీ నాన్నగారు కారులో కూర్చోవలసిన అవసరం లేదు. ఆ ప్రాంతం ఆయనకు ఇవ్వగలిగింది చాలా ఉంది, నాకు చెప్పాలని ఉన్నదీ అదే. పైన్ స్ప్రింగ్స్ సందర్శకుల కేంద్రం దగ్గర పైనరీ అనే చిన్న బాట ఉంది. రానుపోను ముప్పావు మైలు, నున్నగా పరిచిన దారి. దాని చివర బటర్‌ఫీల్డ్ తపాలా బండ్లు ఆగిన 1858 నాటి మజిలీ గోడలు శిథిలాలుగా నిలిచి ఉన్నాయి. రైలు రాకముందు మిసోరీ నుంచి కాలిఫోర్నియా దాకా ఉత్తరాలను, ప్రయాణికులను గుర్రపు బండ్లమీద చేరవేసిన దారి అది. ఆ దారికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1958లో గ్వాడలూప్ శిఖరం మీద ఉక్కుతో చేసిన మూడు ముఖాల స్తంభాన్ని నిలిపారు. పైకి వెళ్ళినవారందరూ దాన్ని పట్టుకునే ఫొటో తీయించుకుంటారు. మీలో కొందరు ఆ స్తంభం దగ్గర ఉన్నవేళ, అది ఏ దారిని తలుచుకుని నిలిపినదో ఆ దారిమీదే మీ నాన్నగారు నిలబడి ఉంటారు. ఆయనకు ఈ సంగతి ముందే చెప్పండి.

మోకాళ్ళు సహకరిస్తే మెక్‌కిట్రిక్ లోయలో ప్రాట్ కుటీరం దాకా వెళ్ళవచ్చు. రానుపోను 4.8 మైళ్ళు, ఎక్కువ ఎత్తు లేదు, కానీ వాగు దాటే చోట రాళ్ళున్నాయి కనుక ఓపిక ఉన్నంతవరకు వెళ్ళి వెనక్కు తిరిగితే చాలు. ఆ లోయలో మేపుల్ చెట్లు అక్టోబరు చివరినుంచి నవంబరు మధ్యవరకు ఎర్రబారుతాయి. మీరు వెళ్ళేసరికి ఆకు చాలావరకు రాలిపోయి ఉంటుంది, అయినా లోయ అందం తగ్గదు. ఆ దారి గేటును సాయంత్రం మూసేస్తారు, వేళ అడిగి వెళ్ళండి.

పార్కుకు ఈశాన్యంగా, గంటలోపు ప్రయాణంలో కార్ల్స్‌బాడ్ గుహలు ఉన్నాయి. మన బొర్రా గుహలు చూసినవారికి కూడా వాటి విస్తీర్ణం ఆశ్చర్యం కలిగిస్తుంది. సుమారు 750 అడుగుల లోతుకు లిఫ్టులో దిగి, బిగ్ రూమ్ అనే పెద్ద గది చుట్టూ మైలుంపావు దూరం పరిచిన దారిలో నడవవచ్చు. లిఫ్టు ఉండడం వల్ల దిగే బాధ ఉండదు. ఇంకొక విశేషం కూడా ఆయనకు చెప్పండి. ఆ గుహలు తొలిచిన రాయి, మీరు ఎక్కబోయే కొండలోని రాయి ఒకే పురాతన సముద్రపు దిబ్బకు చెందినవి. 26 కోట్ల ఏళ్ళ క్రితం ఆ ప్రాంతమంతా సముద్రం. అందులోని నాచు, స్పంజికలు, ఇతర జీవుల అవశేషాలు పేరుకుని ఏర్పడిన దిబ్బ తరువాతి కాలంలో పైకి లేచి కొండ అయింది. బాటపక్క రాళ్ళలో ఇప్పటికీ గవ్వల అచ్చులు కనిపిస్తాయి. చూడవచ్చు గాని, ఒక్క రాయి కూడా తీసుకురాకూడదు. థాంక్స్‌గివింగ్ రోజున గుహలు మూసి ఉంటాయి, మిగతా రోజులకు లోపలికి వెళ్ళే వేళను ముందుగా బుక్ చేసుకోవాలి.

ఇప్పుడు మీ కోరిక సంగతి. "ఎవరో ఒకరు ఆగాలి కదా" అని మీరు రాసిన తీరు చూస్తే, ఆ ఎవరో ఒకరు మీరేనని ఇంట్లో అందరూ అప్పుడే అనుకుంటున్నట్టుంది. అమ్మానాన్నలు మీవారైనంత మాత్రాన వారిని చూసుకోవడం మీ ఒక్కరి పని కాదు. సెలవు నాలుగు రోజులు. శుక్రవారం మీవారు అత్తమామలను గుహలకు తీసుకువెళితే, మీరు స్నేహితుల కుటుంబంతో శిఖరానికి వెళ్ళండి. శనివారం మీరు పెద్దవారితో మెక్‌కిట్రిక్ లోయకు వెళ్ళండి, మీవారు స్నేహితుడితో పైకి వెళ్ళవచ్చు. స్నేహితుడు రెండు రోజులు వరుసగా ఎక్కలేనంటే మీవారు కింద మరొక చిన్న బాటతో తృప్తిపడాలి. మీ నాన్నగారికి కూడా, తనవల్ల కూతురు ఆగిపోయిందన్న చింత లేకుండా ఉంటుంది. బాబు ఎవరితో వెళ్ళాలో వాడినే అడగండి. మధ్యలో వద్దంటే వాడితోపాటు ఒక పెద్దవారు వెనక్కు రావడానికి ముందే ఒప్పుకుని ఉండాలి.

పైకి వెళ్ళేవారికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వెనక్కు తిరిగే వేళను బయలుదేరకముందే నిర్ణయించుకోండి. నవంబరు చివర అక్కడ సాయంత్రం 5 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. అక్కడి గడియారం డాలస్ కంటే ఒక గంట వెనక ఉంటుంది, ఫోనులో వేళ ఒక్కోసారి అటూ ఇటూ మారిపోతుంది కాబట్టి చేతిగడియారం ఒకటి అక్కడి వేళకు పెట్టుకుని దాన్నే చూడండి. ఉదయం 7 గంటలకు నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం 12 అయ్యేసరికి ఎక్కడ ఉంటే అక్కడినుంచి వెనక్కు తిరగాలి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే. మూడు మైళ్ళకు కొంచెం ముందు శిఖరం వచ్చేసిందనిపించే చోటు ఒకటి ఉంది, కానీ అది శిఖరం కాదు. అక్కడినుంచి ఇంకా మైలుకు పైగా నడక, ఒక చిన్న చెక్క వంతెన, ఆ తరువాత చివరి మలుపులు ఉన్నాయి. చాలామంది ఉత్సాహం అక్కడే జారిపోతుంది, కొందరి వివేకం కూడా అక్కడే జారిపోతుంది. ఇంత దూరం వచ్చాం కదా అని రెండింటిదాకా ఎక్కేవారు మొదటి మైలున్నరలోని గుండ్లరాళ్ళను చీకట్లో దిగవలసి వస్తుంది. ఏమైనా సరే, ప్రతి ఒక్కరి దగ్గరా తలకు కట్టుకునే లైటు ఉండాలి. ఫోను లైటు పట్టుకుంటే ఒక చేయి కర్రకు పనికిరాకుండా పోతుంది.

దారిలో ఎక్కడా నీళ్ళు దొరకవు. మనిషికి ఒక గాలను, అంటే దాదాపు నాలుగు లీటర్లు మోసుకువెళ్ళాలి. చలికాలం కదా అని తగ్గించవద్దు, అక్కడి పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. ఒక లీటరులో ఓఆర్ఎస్ పొడి కలుపుకోండి. తిండికి మన పులిహోర చాలా మంచిది, ఉప్పు, పులుపు, నూనె అన్నీ ఉంటాయి. దానితోపాటు వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు చాలు. నీళ్ళు సగం అయ్యేసరికి శిఖరం చేరకపోతే అది కూడా వెనక్కు తిరగవలసిన గుర్తే.

గాలిని తక్కువగా అంచనా వేయకండి. చలికాలంలో, వసంతంలో ఆ కొండల మీద గంటకు 80 మైళ్ళ వేగం దాటే గాలులు కూడా వీస్తాయి, అటువంటి గాలి మనిషిని నిలబడనివ్వదు. బయలుదేరే ముందురోజు కొండకు సంబంధించిన వాతావరణ సూచన చూడండి, ఊరి సూచన కాదు. బలమైన గాలుల హెచ్చరిక ఉంటే పార్కు సిబ్బందిని (రేంజర్‌ను) అడిగి, డెవిల్స్ హాల్ లోయకు మార్చుకోండి. రానుపోను నాలుగు మైళ్ళు, పైభాగం వాగు రాళ్ళమీద నడక, మీ బాబుకు శిఖరం కంటే అదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు.

చెప్పుల విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. కొత్త బూట్లతో వెళ్ళవద్దు. రెండు రోజుల ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని, లేసులు విప్పి, మడమను వెనక్కు ఆనించి, చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి. అలా చేయకపోతే పాదం ముందుకు జారి, అడుగడుగునా వేళ్ళు బూటుకు కొట్టుకుంటాయి. నడక కర్రలను ఎక్కేటప్పుడు కొంచెం పొట్టిగా, దిగేటప్పుడు కొంచెం పొడవు పెంచి వాడాలి. ముందు కర్ర కింది రాయి మీద ఆనించి, అది కదలదని తెలిశాక కాలు దించాలి.

పార్కు లోపల ఫోను సిగ్నలును నమ్ముకోవద్దు, హోటలు లేదు, చుట్టూ 35 మైళ్ళ దాకా పెట్రోలు బంకు లేదు. కార్ల్స్‌బాడ్‌లో గాని వాన్ హార్న్‌లో గాని గది తీసుకుని, ట్యాంకు నింపుకుని రండి. పైకి వెళ్ళినవారు ఎన్నింటికి తిరిగి రావాలో కాగితం మీద రాసి మీ నాన్నగారి చేతికి ఇవ్వండి. ఆ వేళ దాటితే రేంజర్లకు చెప్పే బాధ్యత ఆయనది. ఇది ఆయనను ఊరడించడానికి చెబుతున్న పని కాదు. ఆ కొండమీద ఎవరికైనా కాలు బెణికితే సాయం చేరడానికి గంటలు పడుతుంది, కింద ఒక నమ్మకమైన మనిషి గడియారం చూస్తూ ఉండడం వల్ల ఆ గంటలు తగ్గుతాయి. శిఖరం దిగిన రోజున మాత్రం డాలస్‌కు బయలుదేరవద్దు. ఎనిమిది గంటల ప్రయాణం అది, రాత్రివేళ ఆ రోడ్ల మీదికి జింకలు వస్తాయి. ఆ రాత్రి గదిలోనే పడుకుని, ఆదివారం తెల్లవారాక బయలుదేరండి.